మిషన్ ఆగితే వచ్చే మనిషి

కొత్త కుట్టుమిషన్ మా ఇంటికి ఆటోలో వచ్చింది. స్టాండు, మోటరు, అట్టపెట్టెలో మిషన్ తల, అన్నిటినీ కలిపి పసుపుపచ్చ నైలాన్ తాడుతో కట్టుకొచ్చారు. ఆటో ఆయన సామాను దించి, విప్పిన తాడు గుమ్మంలో పడేసి పోయాడు. నేను ముందుగా ఇంట్లోకి తెచ్చింది మిషన్ కాదు, ఆ తాడు. దాన్ని చుట్ట చుట్టి బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాను. వెనక్కి తిరిగితే మా బాపు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చూశాడో లేదో ముఖంలో ఏమీ తెలియలేదు. ఆయన ముఖం చూసి ఏమైనా తెలుసుకునే రోజులు అప్పటికే పోయాయి.

బాపు సాంచాలు నడిపిన మనిషి. మరమగ్గాలను మా కరీంనగర్ దిక్కు సాంచాలే అంటారు. రేకుల షెడ్డులో వరసగా నిలబెట్టిన సాంచాల మధ్య, నేను పుట్టకముందు నుంచి ఆయన నడుస్తూనే ఉన్నాడు. బట్టకు గిరాకీ పడిపోయింది, షెడ్డు మూతపడింది. యజమాని సాంచాలను పాత ఇనుము కింద అమ్మేశాడు. వాటిని లారీ ఎక్కించడానికి వేరే కూలీలు దొరక్క, నడిపిన వాళ్లనే పిలిచారు. బాపు కూడా పోయి భుజం పట్టి ఎక్కించి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

అది కూడా నన్ను కన్న అవ్వ ఓర్చుకుంది. తర్వాత వెనక గల్లీలో, అదే షెడ్డులో పనిచేసిన ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. బాపు పాడె మోసి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఒకే ఒక్క మాట అన్నాడట: "సుఖపడ్డడు."

అవ్వ నాకు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. "మీ బాపు గా మాట ఊకె అనలే బిడ్డా. నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు. బీడీలు చేసుకుంట కూసుంటె, ఆయన దొడ్లెకు పోయినా నా పానం పోతుంది. బీడీలు ఇడిసిపెడితె పొయ్యి ఎట్ల వెలుగుతది? నేను ఎంతని కావలి కాయాలె?"

నాకు నోరు ఎక్కువ. ఆదిలాబాద్‌లో మా వాడకట్టు అంతా ఆ మాట అంటుంది, తప్పు కూడా కాదు. కొలత జాకెట్ ఇవ్వకుండా "అందాజగా కుట్టు అక్కా" అనే వాళ్లని, కరెంటు మీటరు చూడటానికి వచ్చి చెప్పులతో లోపలికొచ్చే వాళ్లని, పత్తి మిల్లు నుంచి వచ్చి చొక్కా దులపకుండానే మంచం మీద వాలిపోయే మా ఇంటాయనని, ఎవరినీ వదిలిపెట్టను. కానీ ఆ ఫోన్ వచ్చిన పూట, చొక్కా దులపకుండా వాలిన మా ఇంటాయనను కూడా ఏమీ అనలేదు. ఊరికే రమ్మంటే బాపు రాడు. బిడ్డ ఇంట్లో తిని కూర్చున్నాడన్న మాట పడలేని మనిషి. అందుకని అబద్ధమాడాను. నా పాత కాలు మిషన్ మూలకు పడిందనీ, కొత్త మోటరు మిషన్ తెస్తున్నాననీ, బిగించడం నాకు తెల్వదనీ, వచ్చి బిగించి పొమ్మనీ చెప్పాను. మిషన్ కొంటున్న మాట నిజమే. బిగించడానికి దుకాణం వాళ్లే మనిషిని పంపుతామన్నారు. వద్దని చెప్పాను.

బాపు బస్సు దిగినప్పుడు పత్తి సీజన్ మొదలైంది. మార్కెట్ యార్డు వైపు బండ్లు, ట్రాక్టర్లు వరస కట్టి ఉన్నాయి. రోడ్డు పక్క ముళ్లకంపలకు కూడా దూది అంటుకుని ఉంది. ఆయన దారిలో ఒక చోట ఆగి, కంప మీది దూదిని పీకి, రెండు వేళ్ల మధ్య నలిపి పోగు తీశాడు.

"గింత పత్తి ఉన్న ఊర్ల ఒక్క సాంచా లేదా బిడ్డా?" అని అడిగాడు.

లేదన్నాను. పోగును పారేయకుండా అంగీ జేబులో వేసుకుని నడిచాడు.

మిషన్ బిగించిన రోజు మాత్రం బాగా గడిచింది. ముందు గదిలో కిటికీ పక్కన స్టాండు నిలబెట్టాము. మా ఇంటి బండలు ఎత్తుపల్లాలు కాబట్టి స్టాండు కుంటింది. బాపు అట్టముక్క మడిచి ఒక కాలు కింద పెట్టాడు, చేత్తో ఊపి చూశాడు, తీసి ఇంకో మడత వేసి మళ్లీ పెట్టాడు. మిషన్ తలను ఇద్దరం పట్టి కూర్చోబెట్టాము. మోటరుకు బెల్టు తొడిగి, వేలితో నొక్కి, "గుంజుతుంది, జర వదులు చెయ్యాలె" అన్నాడు. నూనె చుక్కలు ఎక్కడెక్కడ వెయ్యాలో కాగితంలో బొమ్మలున్నాయి. ఆయన బొమ్మలు చూడలేదు. చక్రం తిప్పుతూ, ఏది దేనికి రాసుకుంటుందో కళ్లతో వెతికి అక్కడ వేశాడు. సాంచాకు వేసిన అలవాటుతో ఎక్కువే పోశాడు. నేను గుడ్డపేలికలు పెట్టి కుట్టి కుట్టి ఆ నూనె వదిలించాను.

నేను బాబిన్‌కు దారం చుట్టి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూశాడు. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే దారపు కండె జానెడు ఉంటుంది. బాబిన్ రూపాయి బిళ్లంత.

"గింతనే కండెనా?" అన్నాడు. "సాంచా పిల్ల పెట్టిందే!"

ఎన్నాళ్లకో ఆయన నోట ఎగతాళి విన్నాను. పగలబడి నవ్వాను. ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగలేదు, ఏడుపులోకి తిరిగింది. బాపు నా ముఖంలోకి చూసి, బాబిన్ నా చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుని వెనక గదిలోకి పోయాడు.

ఆయన పోయాక సూది బిగించి, దారం ఎక్కించి, పెడల్ మీద కాలు వేశాను. పాత మిషన్ టకటకలాడేది, ఇది ఒకే శ్రుతిలో గర్రుమని మోగింది. ఒక లంగాకు అంచు పూర్తిగా కుట్టి లేచి చూస్తే, వెనక గదిలో బాపు మంచం మీద వాలి నిద్రపోతున్నాడు. మా ఇంటికొచ్చాక పగలే కాదు, రాత్రి కూడా ఆయన కన్ను మూసింది నేను చూడలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను లేచాక చప్పుడు ఆగిపోయింది కదా, కొంచెం సేపటికే ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"ఏం తెగింది?" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. షెడ్డులో ఒక్క మనిషి చాలా సాంచాలు చూసుకోవాలి. అన్నిటినీ కళ్లతో చూడటం అయ్యే పని కాదు, చెవితో చూసుకుంటారు. పోగు తెగితే సాంచా ఆగుతుంది. ఏ మూల చప్పుడు తగ్గితే ఆ మూలకు పరిగెత్తాలి, తెగిన కొసలు రెండూ పట్టి ముడి వేసి మళ్లీ నడిపించాలి. చప్పుడు ఉన్నంతసేపూ ఆయనకు నిమ్మళం. చప్పుడు ఆగితే ఎక్కడో ఏదో తెగినట్టు. షెడ్డు మూతపడిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు నిద్ర ఎందుకు లేదో ఇంకా ఎవరైనా చెప్పాలా?

ఆ తర్వాత అది రోజూ జరిగింది. నేను కుడుతుంటే వెనక గదిలో వాలేవాడు. నేను ఆపితే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. "ఏం తెగింది బిడ్డా?" అనేవాడు. బాబిన్ అయిపోయిందనో, కత్తెర కోసం లేచాననో చెప్పేదాన్ని. తల ఊపి పోయేవాడు.

నా పాడు బుర్ర దీన్ని వాడుకోవడం నేర్చుకుంది. మిషన్ చప్పుడులో వెనక గదిలో ఏం జరుగుతుందో నాకు వినబడదు. మా ఇంటాయన పొద్దున మిల్లుకు పోతే పొద్దుగూకినాక వస్తాడు. మా పిల్ల హాస్టల్లో ఉంది. ఇంట్లో ఇద్దరమే. జాకెట్ చెయ్యి అతుకుతున్నదానికి ఉన్నట్టుండి చెమట పట్టేది. లేచిపోయి చూస్తే కావలి కాస్తున్నానని ఆయనకు తెలిసిపోతుంది. అందుకని మిషన్ ఆపేదాన్ని. సూది బట్టలోనే ఉంచి వినేదాన్ని. మంచం కిర్రుమనేది. తర్వాత అడుగుల చప్పుడు. తర్వాత తలుపు దగ్గర ఆ నెరిసిన తల. "ఏం తెగింది?"

"ఏం తెగలే బాపూ, పండుకో."

ఆ నాలుగు మాటలు అన్నాకే మళ్లీ పెడల్ మీద కాలు వేసేదాన్ని. అవ్వ ఫోన్ చేసి ముందు అడిగేది బాపు తిన్నాడా అని కాదు, "మిషన్ నడుస్తుందా బిడ్డా?" అని.

ఒక రోజు నిజంగానే దారం తెగింది. గల్లీ చివర ఇంటి మరాఠీ ఆమె జాకెట్ కుడుతున్నాను, కూతురి పెళ్లిచూపులకు కట్టుకునే చీర మీదిది. మెడ తిప్పుతుంటే తెగింది. అదే సమయానికి గేటు దగ్గర ఎవరో పిలిస్తే లేచిపోయాను. వచ్చేసరికి బాపు మిషన్ దగ్గరి నుంచి తప్పుకుంటున్నాడు. ముఖంలో చిన్న వెలుగు ఉంది. "అయింది బిడ్డా, నడుపుకో" అన్నాడు. నేను చూసుకోకుండా కూర్చుని పెడల్ తొక్కాను.

ఆయన చేసిన పని, ఏ నేత మనిషైనా చేసే పని. తెగిన కొసలు రెండూ పట్టి ముడి వేశాడు. మగ్గం మీద అది సరైన పని. కుట్టుమిషన్‌కు ముడి పనికిరాదు. దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించాలి. ఆ ముడి జారుకుంటూ దిగి సూది బెజ్జం దగ్గర ఇరుక్కుంది. దారం గుంజింది, సూది వంగి కింది పలకకు తగిలి పటుక్కున విరిగింది, మొన ఎగిరి నా చెంప పక్క నుంచి పోయింది. బట్ట మిషన్ దంతాల్లో చిక్కుకుని మెడ దగ్గర చిరిగింది.

ఇంకెవరైనా అయితే ఆ రోజు మా వాడకట్టు మొత్తం వినేది. నా నాలుక చివర దాకా వచ్చింది కూడా. బాపు ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం చూసి మింగేశాను. "ఏం కాలే బాపూ, నేనే తప్పు తొక్కిన. నువ్వు మంచిగనే కట్టినవ్" అన్నాను. పాలు తాగే పిల్లతో మాట్లాడే గొంతు. నాకే వెగటు పుట్టింది. బాపు చిరిగిన బట్ట వైపు కాసేపు చూశాడు, నా వైపు ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు. వెనక గదిలోకి పోయాడు. ఆ పూట అన్నం కలిపి వదిలేశాడు. ఆ చిరుగుకు పైపింగ్ వేసి కప్పేశాను. మరాఠీ ఆమె అది డిజైన్ అనుకుని మెచ్చుకుంది కూడా. బాపు మళ్లీ మిషన్ ముట్టలేదు. తలుపు దగ్గరికి వచ్చేవాడు, కానీ "ఏం తెగింది" అనడం మానేశాడు. చూసి పోయేవాడు, అంతే.

తర్వాత ఒక మధ్యాహ్నం, ఎప్పటిలాగే చెమట పట్టి మిషన్ ఆపాను. విన్నాను. మంచం కిర్రుమనలేదు. అడుగుల చప్పుడు లేదు. ఇంకొంచెం ఆగాను. గోడ గడియారం ఒక్కటే వినబడుతోంది. స్టూలు ఎటు పడిందో, ఒడిలోని బట్ట ఎటు పోయిందో తెలియదు, "బాపూ!" అంటూ వెనక గదిలోకి పరిగెత్తాను.

మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేలుకునే ఉన్నాడు. నా కోసమే చూస్తున్నట్టు తలుపు వైపు తిరిగి ఉన్నాడు.

"తెగలే గద," అన్నాడు. "ఊకెనే ఆపినవ్."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"తెగితె చప్పుడు ముందుగాల తేలికైతది, ఎన్క ఆగుతది. నువ్వు ఆపితె నిండుగ ఉండంగనే ఆగుతది. గింత తెల్వదా నాకు? రోజూ నన్ను చూసుకునేటందుకే ఆపుతున్నవ్. మిషన్ కట్టుకొచ్చిన తాడు చీరల కింద పెట్టి తాళం ఏసినవ్. మీ అవ్వ గూడ గట్లనే దాసేది. నీకు చిన్నప్పటి సంది నోరు గదా బిడ్డా. సూది ఇరగ్గొడితిని, పరాయోళ్ల బట్ట చింపితిని. ఒక్క మాటన్న అనకపోతివి. పోయేటోనితోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్ నాతోని."

అప్పుడు తెగింది నాకు. ఇన్ని రోజులు మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మరి ఏమనాలె? నువ్వు గోడ మొకాన కూసుంటివి! సచ్చినాయన్ని సుఖపడ్డడంటివి! అవ్వకు నిద్ర లేదు, నాకు తిండి లేదు. సాంచాలు పోతె పోయినయ్, ఇనుము గదా! మేము ఇనుమా? నువ్వు పోతె మేము ఎవల్ని తిట్టాలె? ముడి ఏసుడు తప్ప ఏమన్న వస్తదా నీకు? కొత్త మిషన్ సూది ఇరగ్గొట్టినవ్, ఒక్కసారన్న నన్ను అడిగినవా? ఎవలన్నా కుట్టుమిషన్ దారానికి ముడి ఏస్తరా, చెప్పు!"

ఇంకా చాలా అన్నాను. పక్కింటి వాళ్ల కిటికీ తెరుచుకున్న చప్పుడు వినిపించింది, తెరుచుకోనీ అనుకున్నాను. బాపు తల వంచుకుని అంతా విన్నాడు. నేను నేల మీద కూలబడి ఏడుస్తుంటే, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"గిట్ల తిట్టు," అన్నాడు. "ఇప్పుడు నా బిడ్డ లెక్క ఉన్నవ్."

అవ్వ కూడా ఎన్నడూ అడగని ప్రశ్న అప్పుడు అడిగాను. "బాపూ, గాయన లెక్క పోవాలని అనిపిస్తుందా నీకు?"

బాపు గోడ వైపు కాదు, నా వైపే చూస్తూ అన్నాడు. "అనిపిస్తది బిడ్డా. అబద్ధమెందుకు. చప్పుడు లేనప్పుడు ఎక్కువ అనిపిస్తది. ఒక్కోసారి చప్పుడు ఉన్నా అనిపిస్తది." మళ్లీ అన్నాడు. "ఆ తాడు ఇంట్ల ఉంచకు. తీసెయ్."

అదే పూట బీరువా తెరిచి, తాడు తీసి, గల్లీలో పోతున్న పత్తి ట్రాక్టరు ఆయనకు ఇచ్చేశాను. ఎందుకిస్తున్నానో తెలియక అతను వద్దంటుంటే అతన్ని కూడా తిట్టాను. మర్నాడు బాపును పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. మనసుకు మందులా అని ఆయన మొదట సిగ్గుపడ్డాడు. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది, గోలీలు రాసింది, తప్పకుండా మళ్లీ రమ్మంది. దారిలో ఆయనకు ఒక్కటే చెప్పాను. "ఇగ నేను ఊకె ఊకె మిషన్ ఆప. ఆపి వినుకుంట కూసుంటె ఒక్క జాకెట్ గూడ కాదు. గట్ల అనిపించినప్పుడు నువ్వే రావాలె. మిషన్ నడుస్తున్నా సరే, ఎవలున్నా సరే, వచ్చి నన్ను ఆపమను." బాపు ముళ్లకంప మీది దూది పీకుతూ నడిచాడు.

మాట ఇచ్చాను గానీ, మిషన్ ఆపకుండా కుట్టడం ఎంత కష్టమో ఆ రోజుల్లో తెలిసింది. కాలు పెడల్ మీద ఉండేది, ప్రాణం వెనక గదిలో ఉండేది. గోలీలు వేసుకుంటున్నాడు, కొంచెం తింటున్నాడు. సూది ఎట్లా బిగించాలో, దారం ఎట్లా ఎక్కించాలో చూపించమని ఒకసారి అడిగాడు. తప్పు ఎక్కిస్తే గట్టిగానే తిట్టాను. అయినా కొన్ని పూటలు మళ్లీ గోడ వైపు తిరిగేవాడు. బాగైపోయాడని నేను రాయలేను. అవ్వ ఫోన్‌లో అడిగితే, మిషన్ నడుస్తోందని చెప్పేదాన్ని.

పత్తి బండ్లు పలచబడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఫంక్షన్ బట్టలు మీద పడి వంచిన తల ఎత్తకుండా కుడుతున్నాను. మోటరు నిండుగా మోగుతోంది. చేతి మీద నీడ పడితే తల ఎత్తాను. తలుపు దగ్గర బాపు. నేను మిషన్ ఆపలేదు. దారం తెగలేదు. చప్పుడు ఉండగా ఆయన ఆ గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఒక చేత్తో తలుపు చెక్కను గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఏదో అన్నాడు, మోటరు చప్పుడులో వినపడలేదు, పెదవుల కదలిక మాత్రం చూశాను.

"బిడ్డా, జర మిషన్ ఆపు."

పెడల్ మీది నుంచి కాలు తీశాను. స్టూలు మీద జరిగి ఆయనకు చోటిచ్చాను. పక్కన కూర్చున్నాక ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వచ్చినవ్ గద బాపూ," అన్నాను.